పూడ్చినట్టు రాసుకున్న గొయ్యి

కిందటి వారం టీచరమ్మను గోదాముల యార్డు ఆఫీసు మెట్ల మీద వదిలేసి, మన పనుల్లో మనం పడిపోయాం. ఒక చేతిలో బరువైన గోనెసంచి, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవర్లో కాగితాలు, కడుపులో ఇరవై రోజుల మంట. ఆ నాలుగు మెట్లు ఎక్కడానికి ఆమెకు వారం పట్టిందనుకోకండి. ఆమె ఆగే మనిషి కాదు, ఆగింది మనం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం జరిగింది క్లుప్తంగా చెబుతాను, మొదటినుంచీ చదువుతున్నవాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఆమెది కారు నేర్పే పని. ఉన్నది ఒకటే కారు. పాతదే అయినా, నేర్పేవాళ్లు కూర్చునే పక్కసీటు ముందు రెండో బ్రేకు పెట్టించుకుని, తొమ్మిదేళ్లుగా దాని మీదే బతుకుతోంది. కొత్తవాళ్లను నేరుగా రోడ్డెక్కిస్తే ఇంకేమైనా ఉందా? అందుకని గోదాముల యార్డు వెనక ఉన్న ఖాళీ జాగాను పొద్దున రెండు గంటలు వాడుకుంటుంది. ఊరికే కాదు, నెలనెలా అద్దె కట్టి, రసీదు తీసుకుని.

ఆ జాగాలో ఒక గొయ్యి ఉండేది. యార్డులో ఒక పద్ధతుంది. ఎవరైనా గొయ్యి గురించి ఫిర్యాదు రాస్తే దాని చుట్టూ ఎర్ర రంగుతో గీత గీస్తారు. పూడ్చాక ఆ గీత మీద నల్లరంగు కొట్టేస్తారు. టీచరమ్మ తన శిష్యులకు ఎర్ర గీత చుట్టూ తిప్పుకుని పొమ్మని నేర్పేది. ఒకరోజు ఎర్ర గీత లేదు. గొయ్యి ఉన్నచోట కంకర చదునుగా ఉంది. ఆ పూట స్టీరింగు ముందు కూర్చున్నది ఆస్పత్రిలో పనిచేసే నర్సు. "పూడ్చేశారు, భయం లేదు, తిన్నగా పోనివ్వండి" అని చెప్పింది టీచరమ్మే. ముందు చక్రం మోకాలి లోతున దిగబడింది.

యాక్సిల్ విరిగింది, ఆయిల్ చాంబర్ పగిలింది. కారు మెకానిక్ షెడ్డులో స్టాండ్ల మీదకు ఎక్కింది. రెండు వారాలు ఆగిన శిష్యులు మూడో వారంలో ఒక్కొక్కరే వేరే స్కూళ్లకు మళ్లారు. నర్సు ఒక్కతే ఇంకా ఫోన్ చేసి "కారు ఎప్పుడొస్తుంది టీచర్" అని అడుగుతోంది. నష్టపరిహారం ఇమ్మని యార్డువాళ్లకు టీచరమ్మ ఉత్తరం రాసింది. వాళ్ల జవాబు ఒకే ఒక్క వాక్యం: సదరు గొయ్యి ప్రమాదానికి ముందురోజే పూడ్చబడినది. అలాగైతే ఆ రాసుకున్న రిజిస్టరు నా కళ్లకు చూపించండి అని ఆమె పట్టుబట్టింది.

ఇంకొక్క సంగతి. ఆ యార్డులో మరమ్మతులు చూసే సూపర్‌వైజరు ఆమె సొంత తమ్ముడు. వెనక జాగా ఖాళీగా ఉందని చెప్పింది అతనే. కానీ ఉద్యోగుల బంధువులకు యార్డులో ఏ వ్యవహారమూ ఉండకూడదని అక్కడ రూలు. అందుకని "ఇక్కడ మాత్రం నువ్వెవరో నేనెవరో అక్కా" అన్నాడు. తమ్ముడి ఉద్యోగం కదా, ఆమె సరేనంది. రెండేళ్లుగా అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ గేటు దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్లలా ఒకరినొకరు దాటుకుని పోతున్నారు.

సరే, ఇక మెట్లెక్కుదాం.

ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం మేనేజరు వైపే పోతోంది. అతనికి యార్డులో అందరూ పెట్టుకున్న పేరు రేపు సారు. ఎవరేం అడిగినా రేపు రమ్మంటాడు కాబట్టి. అతని వెనక గోడకు గోదాముల తాళంచెవులు నంబర్ల వారీగా వేలాడుతున్నాయి. పక్కన ఒక తెర, దానిలో నాలుగు కెమెరాల బొమ్మలు. మూడింట్లో లారీలు కనిపిస్తున్నాయి, నాలుగోది నల్లగా ఉంది. ఆ నల్లగా ఉన్నదే వెనక జాగాది. రిపేరుకిచ్చాం, రేపు వస్తుందని ఆయన చెప్పి అప్పటికి రెండు వారాలైంది.

"ఏమ్మా, రేపు రమ్మన్నాను కదా," అన్నాడు కళ్లజోడు పైకి తోసుకుంటూ.

"నిన్న అన్నారు సార్. మీరన్న రేపు ఇవాళే."

ఆయన మొహం చిన్నబోయింది. కుర్చీ చూపించాడు. టీచరమ్మ కూర్చోలేదు. గోనెసంచి ముడి విప్పి, పాత పేపరు పరిచి, మురికి నూనె ఓడుతున్న రెండు ఇనప ముక్కలు టేబుల్ మీద పెట్టింది. ఆయన మంచినీళ్ల గ్లాసు గబుక్కున పక్కకు జరుపుకున్నాడు.

"ఇది యాక్సిల్. ఇది చాంబర్ ముక్క. పూడ్చేసిన గోతిలో ఇవి ఎలా విరుగుతాయో మీరే చెప్పండి సార్."

"ఇవి అక్కడే విరిగాయని నాకెలా తెలుస్తుందమ్మా? పాత కారు. ఎక్కడ పడితే అక్కడ విరుగుతుంది."

"నాతో నర్సు ఉంది. మీ గేటు వాచ్‌మన్ వచ్చి జాకీ ఎత్తాడు. ఆ పూట నేను తీసిన ఫొటోలు మీకిచ్చాను."

"ఫొటోలో నీళ్లు కనిపిస్తున్నాయి, గొయ్యి కనిపించడంలేదు. ముందురోజు రాత్రి వాన పడిందాయె. నీళ్లు నిలిచినంత మాత్రాన గొయ్యి అంటే ఎలా?"

టీచరమ్మకు ఒళ్లు మండిపోయింది. మోకాలి లోతు నీళ్లు చదును నేల మీద నిలబడతాయా అని అడగబోయి, పళ్లు బిగపట్టింది. కోపం వచ్చినప్పుడు బ్రేకు మీద కాలు పెట్టడం ఆమె వృత్తి. ఎందరి కోపాలకో, ఎందరి భయాలకో ఆ రెండో బ్రేకు తొక్కిన కాలది.

"రిజిస్టరు చూపించండి సార్. చూసి వెళ్లిపోతాను."

రేపు సారు వెంటనే లేవలేదు. సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందుకు తోశాడు. "అంత దూరం ఎందుకమ్మా? నేనూ మనిషినే. యార్డు యజమాని, మా పెద్దాయనతో మాట్లాడాను. మానవత్వంతో ఎంతో కొంత ఇప్పిస్తానన్నారు. మీరు దీని మీద ఒక సంతకం పెడితే చాలు."

ఆమె చదివింది. నేర్చుకునే వ్యక్తి వాహనాన్ని అదుపు చేయలేకపోయినందువల్లా, నేర్పే వ్యక్తి సకాలంలో బ్రేకు వేయనందువల్లా ప్రమాదం జరిగినదని, యార్డుకు ఇందులో ఏ బాధ్యతా లేదని రాసుంది. అంటే నర్సు మీద ఒక బండ, తన మీద ఒక బండ. ఇలాంటి కాగితం ఒకటి బయటికొస్తే ఆమె దగ్గర కారు నేర్చుకోవడానికి ఇక ఎవరొస్తారు? ఇప్పుడు విరిగింది కారు ఒక్కటే, ఈ సంతకం పెడితే పేరు కూడా విరుగుతుంది.

"ఆ నర్సు చక్రం దిగబడినా స్టీరింగు వదల్లేదు సార్. గడ్డం వాచిపోయినా వదల్లేదు. ఆవిడకు అదుపు తప్పిందని నేను రాయను," అని కాగితం వెనక్కి తోసింది. "రిజిస్టరు."

ఇక తప్పదనుకున్నాడేమో, ఆయన నిట్టూరుస్తూ లేచి బీరువా తాళం తీశాడు. నీలంరంగు అట్ట వేసిన లావుపాటి పుస్తకం. వేలు తడిచేసుకుంటూ పేజీలు తిప్పి, ఒకచోట ఆగి, పుస్తకాన్ని ఆమె వైపు తిప్పిపెట్టాడు. గెలిచినవాడి మొహంతో వెనక్కి వాలాడు.

"చూసుకోండి. ఫిర్యాదు వచ్చిన తేదీ. పూడ్చిన తేదీ. ఫొటో. సంతకం. మా దగ్గర ఫొటో అతికించనిదే ఏ ఫిర్యాదూ మూయనివ్వనమ్మా. అయిదు రోజుల్లో మూయకపోతే పెద్దాయన ఊరుకోరు. నేను వచ్చాక పెట్టిన పద్ధతి ఇది."

మొదట ఆమె చూసింది సంతకం. మొదటి అక్షరం కింద తోక సాగదీసి, చివర రెండు చుక్కలు. ఆ తోక ఎందుకురా అని పదో తరగతిలో ఆమే కసిరింది. తల్లి పోయాక వాడికి అన్నం పెట్టిందీ, ఫీజు కట్టిందీ, చేతిరాత దిద్దించిందీ ఆమే. సంతకం వాడిదని తెలిసినా ఆమె పెద్దగా ఉలిక్కిపడలేదు. సూపర్‌వైజరు వాడు, సంతకం వాడిది కాక ఇంకెవరిది? పనివాళ్లు పూడ్చామని అబద్ధం చెప్పుంటారు, వీడు నమ్మి సంతకం గీకేసుంటాడు అనుకుంది. తోబుట్టువు తప్పు చేస్తే మనసు ముందు వెతికేది సాకునే.

తర్వాత ఫొటో చూసింది.

దగ్గరగా తీసిన ఫొటో. చదునుగా పరిచిన కంకర, పక్కన కొలబద్ద. పైకి ఏ లోపమూ లేదు. కానీ ఒక మూల కంకర కాస్త జారిపోయి, కింద నల్లగా ఏదో కనిపిస్తోంది. ఆ నలుపు మీద పసుపుపచ్చ దారంతో అడ్డదిడ్డంగా వేసిన కుట్లు. నాలుగు అటు, మూడు ఇటు.

టీచరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ కుట్లు వేసింది ఆమె. కారులో తన కాళ్ల కిందుండే రబ్బరు మ్యాటుకు. తొమ్మిదేళ్లు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోగా మడమ దగ్గర చిల్లి పడితే, నైలాను దారంతో కూర్చుని కుట్టుకుంది. ప్రమాదానికి నాలుగు రోజుల ముందు తమ్ముడు ఇంటికొచ్చి, కారు తలుపు తీసి చూసి, "ఇదేంటక్కా, ఇంత చినిగిపోయిన మ్యాటు మీద కాళ్లు పెట్టుకుంటావా? నేను కొత్తది తెస్తాలే" అని దాన్ని చుట్టచుట్టి స్కూటరు ముందు పెట్టుకుని పోయాడు. వాడు వెళ్లాక ఆమె మురిసిపోయింది. పక్కింటావిడతో కూడా చెప్పుకుంది, మా వాడు నా కాళ్ల కింద మ్యాటు కూడా గమనించాడండీ అని. కొత్త మ్యాటు రాలేదు. మరిచిపోయుంటాడులే అనుకుని పాదాల కింద పాత పేపర్లు వేసుకుంది.

ఇప్పుడు ఒక్కొక్కటే వరసగా గుర్తొస్తున్నాయి. ఎర్ర గీత మాయమైన రోజు ఆమె ఫోన్ చేసి "పూడ్చేశారా?" అని అడిగితే వాడు "అవునండీ, పూడ్చేశామండీ" అన్నాడు. పక్కన పైవాళ్లెవరో ఉన్నారు కాబోలు, అక్కను అండీ అంటున్నాడని నవ్వుకుంది. నవ్వుకుని, ఆ మాట పట్టుకునే నర్సుకు తిన్నగా పోనివ్వమని చెప్పింది.

ఇవాళ పొద్దున సంచి కట్టి ఇస్తూ మెకానిక్ అన్న మాట కూడా గుర్తొచ్చింది. "ముక్కలన్నీ వేశానమ్మా. యాక్సిల్‌కి ఏదో రబ్బరు పీలిక చుట్టుకునుంది, అదీ అడుగున వేశాను. ఎక్కడిదో మీరే చూసుకోండి." ఆమె చూసుకోలేదు. ఆ సంచి ఇప్పుడు ఆమె కాళ్ల దగ్గర ఉంది.

"ఏమ్మా, మాట రావడం లేదు?" అన్నాడు రేపు సారు.

"ఈ సంతకం అబద్ధమని తేలితే ఏం చేస్తారు సార్?" అంది తలెత్తకుండానే.

"ఎవరిదైనా సరే, ఈ పూటే ఇంటికి పంపిస్తా. దొంగ రికార్డు రాస్తే ఊరుకుంటామా? పోలీసు కేసు కూడా పెడతాం. మీకివ్వాల్సిన డబ్బు అతని జీతంలోంచే రాబడతాం. ఏం, తేల్చగలరా?"

తేల్చగలదు. చెయ్యి కిందకు చాచితే చాలు. వాడికి ఇద్దరు చిన్నపిల్లలు. నాలుగు ఉద్యోగాలు పోగొట్టుకున్నాక నిలబడిన ఉద్యోగం ఇది. కారుదేముంది, పోతే పోయింది, ఇంకో స్కూల్లో జీతానికి చేరితే తన ఒక్క కడుపు నిండకపోతుందా అనుకుంది. ఇనప ముక్కల్ని పేపర్లో చుట్టింది. మింగలేక మింగలేక మింగేసి, సంచి చేతిలోకి తీసుకుని లేచింది.

అక్కడితో వెళ్లనిచ్చినా బాగుండేది. రేపు సారుకు గెలుపు సరిపోలేదు.

"ఉండండి, ఉండండి. తర్వాత నలుగురిలో మాకు చెడ్డపేరు తేవద్దు. పూడ్చినవాడి నోటితోనే వినిపోండి," అని బెల్లు నొక్కి సూపర్‌వైజరును పిలిపించాడు.

తమ్ముడు లోపలికి వచ్చాడు. మెడలో యార్డు కార్డు, చేతిలో టోపీ. ఇరవై రోజుల్లో వాడు ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. ఆమె వైపు చూడకుండా టేబుల్ మూల వంక చూస్తూ నిలబడ్డాడు.

"వెనక జాగాలో గొయ్యి పూడ్చింది నువ్వేగా?"

"నేనే సార్."

"ఈవిడ తెలుసా నీకు?"

"ఇక్కడ కారు నేర్పుతారు సార్. అంతే."

అంతవరకూ ఆమె సిద్ధపడే ఉంది. ఆ అబద్ధం రెండేళ్ల నుంచి ఇద్దరూ కలిసి ఆడుతున్నదే. వాడు అక్కడ ఆగుంటే ఈ కథ ఇంకోలా నడిచేది. ఆగలేదు. భయంలో ఉన్నవాడికి ఎక్కడ ఆపాలో తెలియదు.

"నేర్చుకునేవాళ్లు ఇష్టమొచ్చినట్టు తోలుతారు సార్," అన్నాడు టోపీ నలుపుతూ. "ఈవిడ పక్కన కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటారు. సమయానికి బ్రేకు వెయ్యరు. ఏదో రోజు ఇలాంటిది జరుగుతుందని నాకు ముందే అనిపించింది."

టీచరమ్మ వాడి మొహంలోకి చూసింది. ఆ కారులో మొట్టమొదట నేర్చుకున్నది వీడే. మూడోరోజు గోడకు గుద్దబోతుంటే రెండో బ్రేకు తొక్కి ఆపింది ఆమె. తొమ్మిదేళ్లలో ఆమె కారు ఎవరికీ తగల్లేదు. ఎవరి ఫోనూ ఎత్తలేదు, పాఠం మధ్యలో ఈ తమ్ముడు చేసినా సరే. వాడికి అది అందరికంటే బాగా తెలుసు. సంతకాన్ని క్షమించింది, మ్యాటును క్షమించబోయింది. తన పనిని తిట్టడం మాత్రం ఆమె తట్టుకోలేకపోయింది.

"గొయ్యి మీరే పూడ్చారా?" అని అడిగింది. చేతులారా పెంచిన మనిషి, వాణ్ని మీరు అంది.

"అవునండీ."

"దేంతో పూడ్చారు?"

"కంకరతో... కంకరతోనండీ."

ఆమె మళ్లీ కూర్చుంది. సంచి ఒళ్లోకి తీసుకుని ముడి విప్పింది. అడుగుదాకా చెయ్యి పెట్టి, నూనెలో నానిన నల్ల రబ్బరు పీలికను బయటికి లాగింది. సగం చిరిగిపోయి, మెలికలు తిరిగి ఉంది. చీరకొంగుతోనే దాని మీద మురికి తుడిచింది. పసుపుపచ్చ కుట్లు బయటపడ్డాయి. నాలుగు అటు, మూడు ఇటు. దాన్ని రిజిస్టరు మీద, సరిగ్గా ఫొటో పక్కన పెట్టింది.

రేపు సారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఫొటో చూశాడు, రబ్బరు చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. "ఏంటిది?"

"నా విరిగిన యాక్సిల్‌కి చుట్టుకుని ఉంది సార్. మీ గోతిలో కంకర కింద ఉన్నది ఇదే. ఎలా వచ్చిందో ఆయన్ని అడగండి. ఆయనెవరో నాకు తెలీదు."

తమ్ముడి చేతిలోంచి టోపీ కింద పడింది. వాడు దాన్ని తీసుకోలేదు. చిన్నప్పుడు దెబ్బ తగిలినప్పుడు ఎలా పిలిచేవాడో అలాగే పిలిచాడు.

"అక్కా, లారీ రాలేదక్కా. కంకర పంపమని మూడుసార్లు రాశాను. అట్టపెట్టెలు కుక్కి పైన నీ మ్యాటు వేశాను, రెండురోజుల్లో నిజంగానే పూడ్చేద్దామని. నువ్వు ఫోన్ చేసినప్పుడు సారు పక్కనే ఉన్నారక్కా."

టీచరమ్మ కళ్లు మూసుకుంది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. వాడు నిజం చెప్పాడు. ఆ ఒక్క మాటతో తన కారు బాగవుతుంది, వాడి బతుకు వీధిన పడుతుంది అనుకుంది. ఎందుకు విప్పానే ఆ సంచి అని తన చేతుల్ని తనే తిట్టుకుంది.

కానీ రేపు సారు సూపర్‌వైజరు వైపు చూడటంలేదు. ఆయన చూపు ఆమె మీదే ఉంది. మెల్లగా రిజిస్టరు మూసి, రబ్బరు పీలికను పుస్తకం మధ్యలోనే ఉంచేసి, దాని మీద చెయ్యి పెట్టాడు.

"అక్కా?" అన్నాడు. "అంటే మీరిద్దరూ అక్కాతమ్ముళ్లు. రెండేళ్లుగా నా దగ్గర దాచారు."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"గొయ్యి మీద కప్పిన మ్యాటు మీది. కప్పింది మీ తమ్ముడు. తీసుకొచ్చి అందులో దింపింది మీ పాత కారు. డబ్బు అడుగుతున్నది మీరు." ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క వేలు మడిచాడు. అయిదో వేలు మడవకుండా టేబుల్ మీదున్న ఫోను దగ్గరకు జరుపుకున్నాడు. "ఇంతసేపూ నేను దీన్ని గొయ్యి అనుకుంటున్నానమ్మా."

ఈసారి ఆయన రేపు అనలేదు. ఫోను ఎత్తి, అవతల పలికినవాళ్లతో, "పోలీస్ స్టేషనేనా? ఇక్కడో మోసం కేసుంది, ఒక మనిషిని వెంటనే పంపండి" అన్నాడు.